ఒక్క చెయ్యి తక్కువ

స్విట్జర్లాండులోని ఎంగదీన్ లోయలో మే నెల ఆదివారం, మధ్యాహ్నం. గ్రామసభ ముగిసింది. రిటైరయిన బడిపంతులు ఫ్లురిన్ తన వంటింట్లో కూర్చున్నాడు. చనిపోయిన భార్య చెల్లెలు సెరైనా తాను తెచ్చిన బార్లీ సూపు వేడిచేసి అతని ముందు పెట్టింది.

"ఒక్కటి. ఒకే ఒక్క చెయ్యి, సెరైనా!"

"తెలుసు బావా. నేనూ ఆ హాల్లోనే ఉన్నాగా. చెంచా తీసుకో."

"ఆ హోటలు యజమాని తుమాష్ వైపు ఎన్ని చేతులు లేచాయో మనవైపూ అన్ని లేస్తే చాలు. సమానమైతే పాత కట్టుబాటే నిలుస్తుంది, అడవి జోలికి ఎవడూ పోకూడదు. నేనేం గెలిపించమన్నానా? సమానం చెయ్యండర్రా అన్నాను!"

"సూపు చల్లారిపోతుంది."

"చల్లారనీ. ఈ మంచు కరగ్గానే గోద్ నైర్ అడవి నడిమధ్యలోంచి దారి కొట్టేస్తారు, స్కీ లిఫ్టు కోసం. వందల ఏళ్ళ జెంబర్ పైన్లు! అంత ఎత్తున ఇంకే చెట్టూ నిలవలేదు, అదొక్కటే నిలిచింది. మొదటి కాయ కాయడానికే ఓ మనిషి ఆయుష్షు పడుతుంది దానికి. కొట్టినదానికి రెట్టింపు మొక్కలు నాటిస్తారట తుమాష్ గారు, కుండీల్లో తెప్పించి!"

"ఆ చెట్ల రంపప్పొట్టేగా దిండ్లలో కుక్కి అమ్ముతాడు. హాయిగా నిద్రపడుతుందని."

"పడుతుంది. వాడికి పడుతుంది."

"అయినా అక్కడ నాటడానికి వాడెవడు? నాటేది పిట్ట కదా."

"అదే చెప్పాను సభలో. పిట్ట గింజలు తెచ్చి మట్టిలో దాచుకుంటుంది, చలికాలం తవ్వుకుని తింటుంది, మరిచిపోయినవి మొలుస్తాయి, ఆ అడవి అలా పెరిగిందే అని."

"నువ్వలా చెబుతుంటే బేకరీ ఆవిడ నా వెనకాల కిసుక్కుమంది. మతిమరుపు పెంచిన అడవన్నమాట అని."

"నవ్వితే నవ్వింది, చెయ్యి మాత్రం ఎత్తింది. చూశాను."

"అందరినీ చూశావా?"

"స్తంభాల వెనక కూర్చున్నవాళ్ళ ముఖాలు కనపడలేదు, చేతులు కనపడ్డాయి. గోడ పక్కన నించుని, వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాను. నా లెక్కా ప్రెసిడెంటు లెక్కా ఒక్కటే. పొరపాటు లేదు."

"నీ లెక్కల జబ్బు! పెళ్ళినాడు కూడా అంతే కదా."

"ఇప్పుడదెందుకే?"

"చర్చిలో మావైపు ఎంతమందొచ్చారు, మీవైపు ఎంతమందొచ్చారు అని వెనక్కి తిరిగి మరీ లెక్కపెడుతున్నావ్. ఈ నేసాని పెళ్ళాడతావా అని పాస్టరుగారు రెండోసారి అడగాల్సొచ్చింది. పెళ్ళికొడుకు పారిపోయాడేమో చూడండి అని మా నాన్న అరిచాడు. అక్క పోయేదాకా చెప్పుకుని నవ్వేది."

"మీవైపే ఎక్కువొచ్చారు. ఇద్దరు."

"ఇంకా గుర్తే! ఆ నవ్వు ముఖంతోనే ఓ చెంచా తాగు."

"ఇల్లిల్లూ తిరిగి మాట తీసుకున్నాను, సెరైనా. తుమాష్ వైపు అనుకున్నంతమందే లేచారు, ఒక్కడు పెరగలేదు. మాటిచ్చినవాళ్ళందరూ సభకొచ్చారు. వాళ్ళూ నేనూ కలిస్తే సరిగ్గా సమానం. ఒకటి తగ్గిందంటే ఏంటి? ఎవడో నా కళ్ళలోకి చూసి మాటిచ్చి, అక్కడికొచ్చి చేతులు ముడుచుకు కూర్చున్నాడు."

"కూర్చున్నారో, నించున్నారో... అయిపోయింది కదా. ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావ్?"

"ముఖం చూస్తాను."

"ముఖం చూస్తే చెట్లు మిగులుతాయా?"

"పక్కింటి కాష్పర్. వాడే."

"కాష్పర్ కాదు."

"అంత గబుక్కున ఎలా చెప్పేశావ్? వాడి కొడుకు తుమాష్ దగ్గరే మంచు చదునుచేసే బండి నడుపుతున్నాడు. లిఫ్టొస్తే పని ఏడాదంతా ఉంటుంది. అందుకే వెళ్ళి స్తంభం చాటున కూర్చున్నాడు."

"ఆయన పక్కనే కూర్చున్నాను నేను. ఎత్తాడు బావా. కుడి భుజం పట్టేసి లేవడం లేదు కదా, ఆ చేతిని ఎడంచేత్తో పట్టుకుని పైకి లేపాడు. పళ్ళు కొరుక్కుంటూ."

"ఎడమదే ఎత్తొచ్చుగా?"

"అన్నాను. మాటిచ్చినప్పుడు కరచాలనం చేసింది దీంతోనే, లేవాల్సింది కూడా ఇదే అన్నాడు."

"కథ బాగుంది."

"ఛీ. అక్క పోయిన ఆ చలికాలమంతా నీ గుమ్మం ముందు మంచు ఎత్తిపోసింది ఎవరు? నువ్వు మంచం దిగలేదు. తలుపు కూడా కొట్టకుండా ఎత్తి, వెళ్ళిపోయేవాడు ఆయన."

"అందుకే అడగాలి. పరాయివాడైతే అడగను. నా బూట్లేవి?"

"కూర్చో."

"బూట్లేవి, సెరైనా?"

"నేనే."

"ఏంటి నేనే?"

"చెయ్యెత్తనిది నేనే. మనవడు స్కీ, స్కీ అని చంపుతున్నాడు. మనసు పీకింది. ఎత్తలేదు. చాలా? నన్ను నాలుగు తిట్టి సూపు తాగు."

"నీ ఆకుపచ్చ స్వెట్టరు చెయ్యి అందరికంటే ముందు లేచింది. నేను 'ఒకటి' అన్నది దానికే."

"నువ్వు పొరబడి ఉంటావు."

"లెక్కలో పొరపాటు లేదని ఇందాకే చెప్పాను. కాష్పర్ కోసం నాతో అబద్ధమాడేదాకా వచ్చిందా?"

"కాష్పర్ కోసం కాదు."

"మరెవరి కోసం? ఓహో. నీకు తెలుసు. ఎవరో నీకు తెలుసు! హాల్లోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచీ నా ముఖంలోకి చూడలేదు నువ్వు."

"రేపు మాట్లాడుకుందాం బావా. ఇవాళ వద్దు."

"ఆ అడవికి రేపు లేదు. నేనిప్పుడే పోయి వాడి వాకిట్లో నించుని, ఊరంతా వినేటట్టు అడుగుతాను. ఇకమీదట వాడి పార నా గుమ్మం తొక్కకూడదు. జవాబు చెప్పలేకపోతే..."

"ఆ తలుపు తియ్యకు. నీకు దణ్ణం పెడతాను. ఒక్కమాట అడుగుతాను, చెప్పి వెళ్ళు."

"అడుగు."

"గోడ పక్కన నించున్నావు కదా. లెక్కపెట్టింది ఏ చేత్తో?"

"కుడిచేత్తో. వేలు పెట్టి. చెప్పాను కదా."

"మొదట్నుంచి చివరిదాకా?"

"మధ్యలో దించితే లెక్క తప్పదూ?"

"ఎడంచేతిలో ఏముంది?"

"టోపీ."

"మరి నువ్వు ఏ చెయ్యెత్తావు, బావా?"