జాతి గడిలో ఒక్క మాట: ఎంకన్న అప్పడు గారి పదవీ విరమణ శుభవేళ

1931 మార్చి 2, సోమవారం. క్యూర్‌పైప్‌లో ముసురు పట్టిన ఆ ఉదయాన, మన దీవి ఉత్తరాన ఉన్న ట్రియోలే ఊరి నుంచి అరువు కోటు తొడుక్కొని వచ్చిన ఇరవై ఏళ్ల యువకుడొకరు ఈ జనన మరణాల నమోదు కార్యాలయపు హాజరు పుస్తకంలో కనిష్ఠ గుమాస్తాగా తొలి సంతకం చేశారు. కోటు చేతులు మణికట్టు దాకా అందలేదని నేటికీ ఆయనే చెప్పి నవ్విస్తారు. ఈ ఏడు, 1968లో, మన దీవిపై స్వతంత్ర పతాకం ఎగిరిన పదిహేడు రోజులకు, ప్రధాన గుమాస్తాగా సగౌరవంగా సెలవు తీసుకుంటున్న శ్రీ ఎంకన్న అప్పడు గారే ఆ యువకుడు.

1938లో వకోవా శాఖకు బదిలీ అయిన నాటి నుంచి తెలుగువారి పేర్లు ఫ్రెంచి అక్షరాల్లో ఖూనీ కాకుండా కాపాడటం ఆయన వ్రతమైంది. పాత చిట్టాలో 'ముచ్చా'గా మిగిలిన ఒక ముత్యాలమ్మ గారికి పూర్తి పేరు తిరిగి ఇప్పించేదాకా ఆయన పై అధికారులను నిద్రపోనివ్వలేదు. అంత మొండిమనిషి.

1957లో ప్రధాన గుమాస్తాగా క్యూర్‌పైప్‌కు తిరిగివచ్చాక, భోజన విరామాలలో, పాడైన ఫారాల వెనుక ఆయన ఫ్రెంచిలో ఒక నవల ఆరంభించారు. కథానాయకుడు జీన్ తండ్రి ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ జాలరి, తల్లి తెలుగింటి ఆడపడుచు. పెంచినవాడు ఆ తల్లిని కన్న తండ్రి. జనగణన గుమాస్తాగా ఊరందరి జాతినీ రాసే జీన్, తన పత్రంలో ఆ జాతి గడిని మాత్రం ఖాళీగా వదిలేస్తాడు. అందులో ఏం రాయాలో జీన్‌కు తెలియదు, ఎంకన్న గారికీ తెలియదు! చివరి అధ్యాయాన్ని పన్నెండుసార్లు రాసి చించేశారు. విరమణలోగా పూర్తికాకుంటే మొత్తం పొయ్యిలో పెడతానని ధర్మపత్ని రంగమ్మ గారితో అనేశారు. ఆయన మాట తప్పే మనిషి కారని తెలిసిన ఆ తల్లి బెంగపెట్టుకున్నారు.

గత సంవత్సరం, అప్పటిదాకా రాసినది టైపు చేసే పనిని మన కార్యాలయపు మార్సెల్ గారు ప్రేమతో నెత్తిన వేసుకున్నారు. జీన్ తనను పెంచిన ముసలాయనను పిలిచే 'తాత' అన్న తెలుగు మాటను ఎంకన్న గారు ఫ్రెంచి అక్షరాల్లో అలాగే ఉంచారు. ఫ్రెంచి పిల్లలు అత్తను పిలిచేదీ సరిగ్గా ఆ మాటతోనే. మార్సెల్ గారు పాపం, రచయితకు చెయ్యి జారిందనుకొని, రెండువందల పుటల పొడవునా ముసలాయనను ఆడమనిషిని చేసి, మీసాలు తీసేసి చెవులకు పోగులు పెట్టారు.

"మార్సెల్, మా తాత పోగులు ఎప్పుడు పెట్టుకున్నాడయ్యా?" అని అడిగారు ఎంకన్న గారు, కడుపుబ్బ నవ్వుతూ.

"ఆయో, ముస్సే అప్పడు గారూ, తాతా అంటే అత్త కదా?" అన్నారు మార్సెల్ గారు క్రియోల్ భాషలో, బిక్కమొహం వేసి. "నన్ను పెంచింది మా తాతాయే. మీ జీన్‌నీ అలాగే పెంచిందనుకున్నాను."

ఎంకన్న గారి నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం టీ కూడా ముట్టకుండా, పదమూడోసారి కూర్చొని, లేవకుండా చివరి అధ్యాయం ముగించారు. జీన్ ఆ గడిలో ఒకే మాట రాస్తాడు: తాత.

"తాతయ్యా? అత్తా?" అని నిలదీస్తాడు అధికారి.

"మిమ్మల్ని ఎవరు పెంచితే వారే," అంటాడు జీన్.

మరునాడు ఆ పుటను మార్సెల్ గారు ఒక్క అక్షరమూ దిద్దకుండా టైపు చేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రంగమ్మ గారు కార్యాలయమంతటికీ గారెలు పంపారు. ఎంత ఆనందించామో మాటల్లో చెప్పలేం.

వకోవా వానలకు ఎంకన్న గారి మోకాళ్లు లొంగకుండా, అక్షరాలకు ఆయన కళ్లు అలవాటు తప్పకుండా, రంగమ్మ గారి చేతి వంట తింటూ ఆయన నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా వర్ధిల్లాలని, రెండో నవల కూడా మన పాత ఫారాల వెనుకే రాయాలని ఈ కార్యాలయం మనసారా కోరుకుంటోంది. మార్సెల్ గారి పిల్లలు ఈమధ్య ఎంకన్న గారిని తాత అనే పిలుస్తున్నారు. ఆయన మీసాలు మాత్రం ఉండనిచ్చారు.