అమ్మోరు ఎక్కని నిట్టాడు

లోలాక్షి అని, జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేదంట. చేతులు చూస్తే బొగ్గే అనుకో, ఆ తొక్కులో నూనె అలాంటిది, తగిలితే తోలు ఊడిపోద్ది. ఇంట్లో తనూ, అత్త గున్నమ్మా, ఇద్దరే. ఏమైందంటే, ఇంటి నడిమధ్య కప్పంతా మోసే గుంజ ఉంటాది కదా, నిట్టాడు, దానికి చెదలు పట్టింది. అడుగున మన్ను లేచి పుట్టయింది. ఇంకోళ్లయితే దులిపేద్దురు. గున్నమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, అమ్మోరే నడిచి మనింటికొచ్చిందే గుంటా, చెయ్యెయ్యకు అందంట. లోలాక్షి పొడిచి చూస్తే వేలు కర్రలోకి దిగిపోయింది. "అత్తా, ఇది ఇరిగితే కప్పు మన నెత్తిమీదే కదేటి" అంటే, "ఆ తల్లి పడెయ్యాలనుకుంటే నువ్వాపుతావేటి" అని కసిరింది.

ఈ పిల్ల ఆలోచన చూడండి మరి. ఫ్యాక్టరీలో తను పిక్కలు కొట్టే దుంగ పదేళ్లుగా తడి నేలమీదే ఉంది, ఒక్క చెద లేదు. ఎందుకు లేదు? ఆ నూనె తాగి తాగి ఉంది. అంతే, పారబోసిన తొక్కుల గుట్ట కింద కారిపోయే నల్ల నూనె కుండలో పట్టి తెచ్చింది. చేతులకి ఆముదం రాసుకుని, గుడ్డ చుట్టుకుని, ఓ సరుగుడు కర్రకి పూసింది, ఎండబెట్టింది, మళ్లీ పూసింది, మళ్లీ ఎండబెట్టింది, మూడోసారీ పూసింది. అమ్మోరిని తరిమేస్తావేటే అని గున్నమ్మ అడ్డం నిలబడింది. "తరమనత్తా. పాతదాని పక్కనే పాతుతాను. ఆ తల్లికి కావాలంటే దీన్నీ ఎక్కుతాది. ఎక్కిందా, పసుపు నానే రాస్తాను, మరి నోరెత్తను." దీనికి అత్త ఏటంటాది? సరే అంది. లోలాక్షి కర్ర పాతింది, పైకొన కప్పుకి బెత్తెడు కిందుగా నిలిచింది.

వానలొచ్చాయి. రోజూ తెల్లారేసరికి గున్నమ్మ పసుపు గిన్నె పట్టుకుని కొత్త కర్ర దగ్గర కూచునేదంట. చెదల మన్ను గీత వస్తాది, జానెడు దూరంలో ఆగుతాది, పక్కకి తిరుగుతాది. మర్నాడూ వస్తాది, ఆగుతాది, తిరుగుతాది. ఆవిడ మొహం చూడాలి మీరు. అలా ఉండగా ఓ పొద్దున పెద్ద గాలి. గున్నమ్మ పాత నిట్టాడుకి పసుపు రాస్తుంటే అది చేతికిందే పిండయిపోయింది. కప్పు కిర్రుమంది, బెత్తెడు దిగింది, నల్ల కర్రమీద కూచుంది. కూచుందంటే కూచుంది, ఇంక కదల్లేదు.

గున్నమ్మ నెత్తినిండా కర్రపొడి. కాసేపు పైకి చూసింది, కాసేపు కోడల్ని చూసింది. "అమ్మోరు నీ కర్రకి మర్యాదిచ్చిందే" అని, గిన్నెలో మిగిలిన పసుపంతా దానికే పూసిందంట. అక్కడితో ఊరుకుందా, మా కోడలి నూనె, మా కోడలి నూనె అని ఇల్లిల్లూ తిరిగింది. ఇప్పుడా ఊళ్లో ఎవరింటికెళ్లినా నిట్టాళ్లు నల్లగా నిగనిగలాడతాయి. మరి అమ్మోరు ఎటెళ్లిందంటారా? ఏమో, ఇళ్లకెళ్లాక మీ గుంజలు ఓసారి తట్టి చూసుకోండి.