పదిహేడు దగ్గర కుప్ప

అదేంటి మేడమ్, పెన్ను కింద పెట్టేశారు? రాసుకోండి. మా అమ్మాయి మైనర్ అంటే మైనరే. స్కూల్ సర్టిఫికెట్ మీ ముందే ఉందిగా. పదిహేడేళ్ళ ఎనిమిది నెలలు. పొద్దున్నే పెళ్ళి చేసుకుందామని రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కుతూ దొరికారు ఇద్దరూ. మీ పోలీసులకి ఇంకేం కావాలి?

వద్దండీ, కూర్చోను.

ఆ ఎలక్ట్రీషియన్ని లోపలే ఉంచండి. ఫ్యాన్ బిగించడానికొచ్చి పిల్లని ఎగరేసుకుపోదామనుకున్నాడు. చెడ్డవాడని నేననలేదు. గోడకి కన్నం పెడితే రాలిన సున్నం కూడా తనే ఊడ్చి వెళ్ళాడు. అయితే మాత్రం? దాన్ని నేనొక్కదాన్నే పెంచానండీ. మొన్ననేగా కాలేజీలో సీటొచ్చింది.

నేనా? గణాంకాల ఆఫీసులో గుమస్తాని. వయసుల సంగతి నాకు చెప్పకండి, నా బతుకంతా అవే. ఈ మధ్యే జిల్లాలవారీగా ఓటు వయసొచ్చినవాళ్ళ పట్టిక వేశాను. పక్క జిల్లాలో వందకి అరవై ఎనిమిది మంది. మన జిల్లాలో అరవై ఆరు. మిగతా అన్నిట్లో ఒకేలా ఉన్నప్పుడు వందకి ఆ ఇద్దరు ఎటుపోయారని మా పెద్దసారు నా ప్రాణం తోడేశాడు.

వారం రోజులు కూర్చుని తవ్వాను. ఏం తేలిందో తెలుసా? అక్కడ బడిలో చేర్చాలంటే ఆసుపత్రి కాగితం అడుగుతారు. మన దగ్గర కన్నవాళ్ళ నోటిమాట చాలు. రేపు ఉద్యోగ పరీక్షలకి వయసు కలిసొస్తుందని ఇక్కడ అందరూ ఏడాది తగ్గించి రాయిస్తారు. ఆ వయసే అన్ని లెక్కల్లోకీ ఎక్కుతుంది. పద్దెనిమిది దాటిన పిల్లలు పదిహేడు దగ్గరే కుప్పపడి ఉన్నారు.

ఆ పట్టిక ఇంట్లో పరుచుకుంటే మా అమ్మాయి వచ్చి తొంగిచూసింది. "అమ్మా, ఈ కుప్పలో నేనెక్కడున్నాను?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏంటి మేడమ్ అలా చూస్తారు? బయట బెంచీ మీద అదేమైనా చెప్పిందా? పద్దెనిమిది నిండాయందా? మా అమ్మనే అడగండి, అబద్ధం చెప్పదు అందా?

అంతేనా? నన్నింకేం అనలేదా?

...ఆ నా సంచీ ఇటివ్వండి. అడుగున కవరుంటుంది. ఆసుపత్రి కాగితమే. పొద్దున బయల్దేరేటప్పుడు ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలీదు. తేదీ చూడండి. పద్దెనిమిదేళ్ళ ఎనిమిది నెలలు. ఆ ఏడాది మింగింది నేనే. అప్పుడు దాని ఉద్యోగం కోసమే, ఒట్టు. ఇవాళ మాత్రం నా కోసం. ఇంకో ఏడాది నా దగ్గరుంటుందని ఆశపడ్డాను.

ఆ అబ్బాయిని వదిలేయండి. మళ్ళీ ఆ మెట్లే ఎక్కుతారేమో, ఎక్కనివ్వండి.

ఈ స్టేషన్‌కి వెనక తలుపేమైనా ఉందా మేడమ్? ఆ బెంచీ ముందునుంచి వెళ్ళలేను.