నాంచారమ్మ నొక్కిన మీట

నాంచారమ్మని ఒకామె ఉంది. ఆమె వస్తందంటే అరుగు మీద మగాళ్ళు కూడా చుట్ట దాచేసేవాళ్ళంట, అంత గట్టి మనిషి అనుకో. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, అందరికీ కలిపి ఒకటే పొయ్యి. వేరుకాపురం అనే మాట ఆ గడపలో పలకకూడదు. ఎందుకంటే, ఆమె కాపరానికొచ్చిన కొత్తల్లో మామగారి ఇల్లు పంచి నడిమధ్యన గోడ లేపితే, రోలు గోడకి అవతల పడింది, రోకలి ఇవతల పడింది. నాలుగు మిరపకాయలు దంచుకోవాలంటే రోకలి భుజానేసుకుని వీధిలోంచి చుట్టూ తిరిగెళ్ళి తోడికోడల్ని బతిమాలుకోవాలి. నేను బతికుండగా నా ఇంట్లో గోడ లేవదు అని అప్పుడే ఒట్టేసుకుందంట. ఇదిగో సుబ్బులూ, తెల్లబోయిన తాలుకాయలు ఈ మిరపకుప్పలో వెయ్యబాకు, ఏరిందే మళ్ళీ ఏరాలి. ఆ, ఏం చెప్తన్నా?

ఆ ఇంట్లో ఒక కంప్యూటరు ఉందంట. ఇంటికంతకీ అదొక్కటే, పొయ్యికి మల్లే. పెద్దకోడలు ఝాన్సీ జాకెట్లకి మగ్గం పని చేసిద్ది. నెమళ్ళూ, మామిడిపిందెలూ, పెళ్ళికూతుళ్ళ పేర్లూ ముందు అందులో గీసుకునేది. కాపరానికొచ్చిన కాడ్నించీ గీసినయ్యన్నీ అందులోనే ఉన్నయ్యి. చిన్నకోడలు హారిక అదే కంప్యూటర్లో పిల్లకాయలకి లెక్కలు చెప్పిద్ది. అయితే ఏమైందంటే, ఆ పెట్టె ముసల్ది అయిపోయింది. మీట నొక్కి పొయ్యి మీద ఎసరు పెడితే, అన్నం ఉడికిద్ది గానీ అది లేవదు. హారిక ఏమందంటే, "పెట్టెకేం కాలేదక్కా, లోపల నడిపించే సిస్టమ్ మారిస్తే చాలు. విండోసు బరువైపోయింది దీనికి, లైనక్సని ఇంకోటుంది, అది ఏద్దాం, తేలిగ్గా ఉంటది" అందంట. నాంచారమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఓసి నీ దుంపతెగ, పైన మనిషి అట్టాగే ఉండి లోపల ప్రాణం మారుద్దా!" అని.

మారుద్దంట! నేనూ నమ్మలా, మీరూ నమ్మబాకండి, కానీ మారుద్దంట. హారిక పుట్టింటికెళ్ళి వేలెడేసి పెన్‌డ్రైవుల్లో ఆ లైనక్సులోనే మూడు రకాలు తెచ్చింది. "ఇయ్యి ఊరకే పెట్టి చూసుకోవచ్చత్తా, లోపలికి దిగవు. చుట్టాలొచ్చి వసారాలో కూర్చుని పోయినట్టు పోతయ్యి" అంది. అంతే, నాంచారమ్మ కుర్చీ ఏసుకుని పెళ్ళిచూపుల్లో పెద్దమనిషికి మల్లే ఎదురుగా కూర్చుంది. మొదటిది తెర నల్లగా ఉందని వద్దంది. రెండోది చూడ్డానికి బాగుంది గానీ పాట పెడితే గొంతు రాలా. "మూగది నాకొద్దు, తీసెయ్" అంది. మూడోది చటుక్కున లేచింది, పాట పాడింది. ఇది ఖాయం అంది. ఝాన్సీ మాత్రం, "నేను బొమ్మలు గీసేది ఇందులో నడవదుగా హారికా" అని బిక్కమొహం ఏసింది. "నీ పాతదాన్నీ ఉంచుదామక్కా. లోపలున్న చోటు చెరి సగం చేద్దాం. మీట నొక్కగానే ఎవరు కావాలో అదే అడిగిద్ది" అని హారిక చెప్తే, ఝాన్సీ సరే అని జాకెట్లు ఇచ్చి రావటానికి పక్కూరు పోయింది. నాంచారమ్మ చెవిలో మాత్రం చెరి సగం అన్న మాటే ముల్లై కూర్చుంది.

ఇక ఎక్కించటం మొదలుపెట్టింది హారిక. తెర మీద రెండు వరసలొచ్చినయ్యి. ఏందే అయ్యి అంటే వేలుపెట్టి చూపించింది. "పైది నొక్కితే పంచి ఇద్దరికీ చెరో వాటా ఇచ్చిద్దత్తా. కిందది నొక్కితే పంచకుండా మొత్తం..." అంటండగానే లోపల పాలు పొంగిన వాసనొచ్చింది. లేచి ఒకటే పరుగు. ఆ మాట అక్కడ తెగింది చూడండమ్మా, అక్కడే కొంప మునిగింది. పంచకుండా అంటే నాంచారమ్మకి ఇంకేం కావాలి? నా ఇంట్లో వాటాలా అని కిందదాని మీద నొక్కింది. హారిక నొక్కటం చూసింది గదా, తెర మీద కుడిచేతి మూలనున్న మీటా నొక్కింది. అది ఇంగిలీషులో మళ్ళీ అడిగింది, నిజంగానేనా అని. ఈమె మళ్ళీ నొక్కింది. హారిక వచ్చి తెర చూసి ఆపబోయింది గానీ, అప్పటికే అయిపోయిందంట. "ఏం నొక్కావత్తా?" "కలిపే ఉంచమని నొక్కా." "కలపలేదత్తా! అక్కది మొత్తం తుడిచేసి, పెట్టంతా నాకొక్కదానికే ఇచ్చేసింది!"

ఝాన్సీ వచ్చింది. తెర కొత్తగా మెరుస్తంది, ఒక్క నెమలి లేదు. పిచ్చిచూపులు చూసింది. "ఆ బొమ్మలు వేరే కాడ ఎక్కడన్నా దాచావా అక్కా?" అని హారిక అడిగితే, "ఇంట్లో ఉన్న వస్తువుని ఇంట్లోవాళ్ళకి భయపడి దాచుకుంటారా?" అంది. "నాది తీసేసి నీది పెట్టుకున్నావా?" అనీ అడిగింది. హారిక అత్త వైపు చూసింది, తల వంచుకుంది, చెప్పలా. మరి నాంచారమ్మ? అంత గట్టి మనిషీ నోరు విప్పలా! మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి తిరగమోత వాసనొస్తే వెళ్ళి చూసింది. ఝాన్సీ పొయ్యి పెట్టేసుకుంది వేరుగా. గోడ లేవకూడదనే గదా నొక్కింది! నాంచారమ్మ అక్కడే పొయ్యి ముందు కూలబడి, "నొక్కింది నేనే ఝాన్సీ, హారిక కాదు" అంది. ఝాన్సీ చేతిలో గరిటె ఆగిపోయింది. "తప్పు దాని మీద పెట్టి ఊరుకున్నావా అత్తా?" అంది. లేచెళ్ళి హారికని పట్టుకుని ఏడ్చింది, అదీ ఏడ్చింది. అయితే పొయ్యి మాత్రం తిరిగి లోపలికి రాలా. "బొమ్మలు మళ్ళీ గీసుకుంటా. అడక్కుండా నొక్కావు చూడు, నా బాధ అదత్తా" అందంట.

హారిక ఝాన్సీ విండోసు కూడా తెచ్చి, మళ్ళీ మొదట్నించీ ఎక్కించింది. ఈసారి నాంచారమ్మ ఇద్దర్నీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని, "పైదేనా?" అని ఇద్దర్నీ అడిగి, తనే నొక్కింది. వాటాలు పంచింది! నాంచారమ్మ! చెప్తే ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు ఆ పెట్టె లేస్తానే ఇద్దరి పేర్లూ చూపిచ్చిద్ది, పైన ఝాన్సీ, కింద హారిక అని, ఎవరు కావాలో చెప్పమని. ఎవరూ చెప్పకపోతే కాసేపు చూసి దానంతటదే పై పేరులోకి పోయిద్ది. నాంచారమ్మ పొద్దున ఒక పొయ్యి కాడా సాయంత్రం ఒక పొయ్యి కాడా తింటది గానీ, రోజూ ఆ మీట నొక్కేది మాత్రం తనే. "ఇంకాసేపు ఆగేట్టు పెట్టవే" అని హారికని అడిగి పెట్టించుకుందంట. నేను మిరపనారు కోసం వెళ్ళి కళ్ళారా చూశా. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ రెండు పేర్ల వంకే చూస్తా కూర్చుంది. ఏదో ఒకటి నొక్కవే అంటే, "నేనా! అమ్మో, నన్నేం అడగమాక" అంది. ఏందయ్యా, కథలకోసమని వచ్చినోడివి, ఇదీ రాసుకుంటన్నావా? రాసుకో, రాసుకో. ఆమె పేరు మాత్రం రాసేముందు ఆమెని అడుగు.