దిష్టిబొమ్మకి కట్టిన చీర

కాలవ గట్టుకి ఇవతల, కంచె పడిపోయిన దొడ్లో ఓ నుయ్యుంది, ఎరుగుదురు కదా? అచ్చియ్యమ్మ నుయ్యి. అడ్డదారి అదే అయినా దీపాలవేళ ఒక్కరూ అటు రారు, ఎంత దూరమైనా చుట్టూ తిరిగే వస్తారు. ఎందుకని అడిగితే చెప్పరు. నేను చెబుతాను గానీ, ముందు ఆ వెనకాల గుసగుసలు ఆపండి.

ఆ దొడ్డి నూకరాజుది. అచ్చియ్యమ్మ అతని మొదటి పెళ్ళాం. ఆవిడ చెయ్యి ఎలాంటిదంటే ఎండుపుల్ల గుచ్చినా చిగురేసేది. ఆనప, బీర, కంద, అరటి, అన్నీ ఆవిడ వేసినవే, నూతి పక్కన తాటాకు పాక కూడా దగ్గరుండి వేయించింది, పారా గునపం, కొబ్బరికాయలు అన్నీ అందులోనే. ఏం లాభం, విషజ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. ఏడాది తిరక్కుండా నూకరాజు లోవని చేసుకున్నాడు.

లోవ చెడ్డదేం కాదు, ఒళ్ళు దాచుకోని మనిషి. కానీ ఈర్ష్య ఉందే, అది పోయినవాళ్ళ మీద పుడితే మందు లేదు. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, చచ్చినదాన్ని ఏం పట్టుకుంటావు? నీళ్ళు తోడేది లోవ, కలుపు తీసేది లోవ, ఊళ్ళోవాళ్ళు మాత్రం కాయ చూసి అచ్చియ్యమ్మ ఆనపకాయే వేరు అనేవారు. నూకరాజూ అంతే, కూర బావుందంటూ లోవ మొహం చూసేవాడు కాదు, దొడ్డి వైపు చూసేవాడు. లోవకి కడుపు మండిపోయేది.

అలా ఉండగా దొంగలు మరిగారు. ఇవాళ రెండు కాయలు, రేపు అరటిగెల, ఆ మర్నాడు పాకలోంచి చేదా తాడూ. ముళ్ళకంప వేశారు, పాకకి తాళం పెట్టారు, కుక్కని తెచ్చి కట్టారు. తాళం ఉంది, కుక్క ఉంది, కాయలు లేవు.

సరిగ్గా అప్పుడే పేరంటాలికి చీర పెట్టే రోజు వచ్చింది. ముత్తయిదువుగా పోయినావిడకి ఏటా కొత్త చీర పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ చీర తర్వాత వచ్చిన ఇల్లాలు కట్టుకోవాలి, అది మన ఆనవాయితీ. ఈసారి నూకరాజు పసుపుపచ్చ చీర, ఎర్రంచుది, అచ్చం అచ్చియ్యమ్మ కట్టేలాంటిది తెచ్చాడు. తన పెళ్ళిచీరకన్నా అదే బావుందని లోవకి ఒళ్ళు మండింది. దాని చీర నేను కట్టనని మొగుడి మొహం మీద అనలేదు, తెలివైంది, ఏమందంటే దొంగలకి భయముండాలి, ఊరంతా ఎరిగిన రంగు, దిష్టిబొమ్మకి కడదాం అంది. అని కట్టేసింది, నెత్తిన కుండ పెట్టి బొగ్గుతో కళ్ళూ మూతీ గీసింది. ఇంటి ఆడది కట్టాల్సిన చీర బొమ్మకి కడితే, మరి ఆ దొడ్డికి ఇల్లాలు ఎవరైనట్టు? అది ఆలోచించుకోలేదు.

మూడోనాడు పొద్దున్నే, కొబ్బరికాయలు దింపే గుర్నాథం పార భుజాన వేసుకుని ఏడుస్తూ వచ్చాడు. ఈ పార నిన్న నేనే పట్టుకెళ్ళాను బాబూ, ఇంటికెళ్తే మా ఆవిడ ఎవరయ్యా నువ్వు అని తలుపేసుకుంది, కన్నపిల్లలే కర్ర పట్టుకున్నారు అన్నాడు. పార పాకలో పెట్టి ఇంటికెళ్తే, ఇంతసేపూ ఎక్కడ తిరిగొచ్చావని ఆవిడ చీపురు తీసింది. గుర్తుపట్టినట్టే కదా. ఆ తర్వాత దొంగన్నవాడు ఆ దొడ్లో కాలు పెడితే ఒట్టు.

లోవ సంబరపడింది, ఎన్నాళ్ళు? నూకరాజు చద్దన్నం దొడ్లోకి పట్టుకెళ్ళి బొమ్మ ఎదురుగా తినడం మొదలెట్టాడు. గాలికి పమిట జారితే సర్దేవాడు. ఓనాడు దాని మీద పందిరి వేశాడు. వంటింటి ముందు పందిరి వెయ్యమని లోవ రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. ఇదేంటని అడిగితే, ఎండకి చీర రంగు వెలుస్తుందే అన్నాడు. ఇంకోనాడు, లోవ నీళ్ళు పోసి పెంచిన కనకాంబరాలు కోసి, మాల కట్టి ఆ కుండకి చుట్టాడు. అంతే.

ఆ సంజెవేళ లోవ దొడ్లోకెళ్ళి, చచ్చి కూడా నా మొగుణ్ణి వదలవా అని చీర ఊడలాగి, కుండ పగలగొట్టి, చీరకి రాయి కట్టి నూతిలో పారేసింది. హమ్మయ్య అనుకుని ఇంట్లోకొచ్చింది. పీట మీంచి నూకరాజు లేచి నిలబడ్డాడు. ఎవరమ్మా, ఏ ఊరు, అన్నాడు. వేళాకోళమనుకుంది లోవ. అతను పరాయి ఆడదాని ముందులా తలొంచుకుని, ఆకలైతే అన్నం పెడతాను తల్లీ, మా ఇంటిది దొడ్లో ఉంది, వచ్చేస్తుంది అన్నాడు. నీ ఇంటిది ఎవరని అడిగింది లోవ. అచ్చియ్యమ్మ, అన్నాడు.

ఇరుగుపొరుగు వచ్చి ఈవిడ లోవరా అని చెప్పారు. కావచ్చు బాబూ, నేనెరగను, అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది లోవకి గుర్నాథం పార. తీసింది తిరిగి ఇస్తే సరి. పాకలో పాతాళ గరిగె ఉండేది, నూతిలో పడ్డ చేదలు తీసే కొక్కేల గుత్తి, అది తాడుకి కట్టి దింపింది. బురదొచ్చింది, పాత చేదొచ్చింది, చీర రాలేదు. మర్నాడూ దింపింది, ఆ మర్నాడూ దింపింది. నాలుగేళ్ళు ఆ పాకలోనే ఉండి దింపింది. నూకరాజు పోయేదాకా రోజూ గుమ్మంలో ఎవరో పాపం అని అన్నం పెట్టేవాడు. అతను పోయాక కూడా దింపుతూనే ఉంది, చివరికి తాడు పట్టుకునే ప్రాణం వదిలింది.

ఇప్పుడు దీపాలవేళ ఆ నూతిలో కొక్కేలు ఒరకి తగిలే చప్పుడు వినిపిస్తుందంటే, అది అచ్చియ్యమ్మ కాదు, లోవ. అచ్చియ్యమ్మకేం, ఆవిడ దొడ్డి ఆవిడకుంది.

ఆనపకాయలు ఇప్పటికీ కాస్తున్నాయి, లేతగా, చేతికందేలా. కావాలంటే వెళ్ళి కోసుకోండి, నేను వద్దనను. కాకపోతే బయల్దేరే ముందు మీ ఇంట్లోవాళ్ళని ఓసారి తనివితీరా పలకరించి వెళ్ళండి.