పడవలకి దారి

ఏటి మీద కట్టబోయే గేట్ల గురించి రేపల్లెలో ప్రభుత్వం పెట్టిన సభ అయిపోయింది. పెనుమూడి ఆటో కోసం కొండలరావు, ఆ సభ నడిపిన ఆఫీసులో పనిచేసే అతని కూతురు భాగ్యశ్రీ రోడ్డు పక్కన నిలబడ్డారు.

“నువ్వు ఆఫీసు కారులో వెళ్ళకపోయావా?”

“వెళ్ళలేదు. నాన్నా, అసలు అక్కడ ఏం మాట్లాడావు?”

“మాట్లాడానుగా. అయిపోయింది. ఎండగా ఉంది, ఇలా నీడలోకి రా.”

“చేపల వేట మానుకుని అందరూ రాలేకేగా మన పాలెం తరఫున నిన్ను పంపారు? ఏటికి అడ్డంగా గేట్లు కట్టుకోండి, పక్కన మా పడవలకి దారి వదలండి అని అడగమనేగా? ఆ ఒక్క ముక్క వదిలేసి, మాకేం అభ్యంతరం లేదని కూర్చుంటావా?”

“రైతులు చెప్పింది నువ్వూ విన్నావుగా. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు పైకెక్కి వరి మాడిపోతోంది. సుందరరామయ్యగారి బోరు నీళ్ళు గేదెలు కూడా ముట్టట్లేదట. వాళ్ళూ మనుషులేగా.”

“వాళ్ళని ఎవరు కాదన్నారు? గేట్లు కట్టాలి. దారీ ఉండాలి. రొయ్యల చెరువులవాళ్ళు చూడు, ఉప్పునీళ్ళు లేకపోతే మేం బతకలేమని అరిచి మరీ ప్లానులో వేరే కాలువ రాయించుకున్నారు. మనం అడగలేదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి పడవల దారి అక్కర్లేదని మా సార్ ప్లానులోంచి తీసేశారు.”

“తీసేశారా?”

“నువ్వు అలా కూర్చున్నావో లేదో, తీసేశారు. ‘మత్స్యకారులకు అభ్యంతరం లేదు’ అని రాయమన్నారు. నేనే రాశాను.”

“పోనీలే.”

“పోనీలే ఏంటి? గేట్లు మూస్తే పడవలు సముద్రంలోకి ఎలా వెళ్తాయి? ముత్యాలరావు బాబాయి ఏం చేస్తాడు? అమ్మ ఏం అమ్ముతుంది?”

“మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. ఇంట్లో నువ్వీ మాట ఎత్తకు.”

“ఏమని చెప్తావు?”

“మర్చిపోయానంటాను.”

“వారం నుంచీ అదే వల్లించుకుంటున్నావట, అమ్మ ఫోనులో చెప్పింది. మర్చిపోతావా?”

“మైకు ముందు అందరికీ వస్తాయా మాటలు? కంగారుపడ్డాను.”

“నా వల్లేనా?”

“నీ వల్లేంటి! నువ్వేం చేశావు?”

“నీకు మైకిచ్చి, మీ పేరేంటండి అన్నాను.”

“అందర్నీ అడిగావుగా. అది నీ పని.”

“నువ్వు నవ్వి, అమ్మా అన్నావు. తెలిసినాయనా అని సార్ నన్నడిగారు. కాదండి అన్నాను.”

“అదా! నేను వినిపించుకోనే లేదు. ఆటో వస్తున్నట్టుంది, చూడు.”

“ఆటో కాదది. ఎందుకన్నానో తెలుసా నాన్నా? నేను పాలెం పిల్లనని తెలిస్తే నా సర్వే నమ్మరు. మనవాళ్ళ వైపు రాశానంటారు. అందుకని...”

“మంచి పని చేశావు. చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది అవన్నీ.”

“అలా అనకు.”

“ఏం, నిజమేగా?”

“సోమవారం బాపట్లలో దీని మీదే ఇంకో సభ ఉంది. రా నాన్నా. ఇవాళ్టి మాట వెనక్కి తీసుకో. మా నాన్న అని నేనే చెప్తాను అందరికీ.”

“వద్దు వద్దు. నీ సర్వే నమ్మరన్నావుగా.”

“అబద్ధం. సర్వే కోసం కాదు. పక్కన మా ఆఫీసు మేఘన, గీతిక ఉన్నారు. మా నాన్న టీచరని చెప్పాను వాళ్ళకి. నువ్వేమో రేవు నుంచి తిన్నగా వచ్చేశావు. చొక్కా నిండా పొలుసులు...”

“తెలుసమ్మా.”

“తెలుసా?”

“నువ్వు తల తిప్పుకున్నప్పుడే తెలిసింది. దారి సంగతి ఎత్తితే ఆ సారు ఇంకా అడుగుతాడు, ఇంటిపేరేంటి, పిల్లలేం చేస్తారు అని. నేనక్కడ ఇంకాసేపు నిలబడితే నీకు తలవంపులు. అందుకే అభ్యంతరం లేదని చెప్పి కూర్చున్నాను.”