వేదిక మీది దంపతులు

దోహాలోని విశ్వవిద్యాలయంలో ఆస్థాన సంగీత త్రయం కచేరీ ముగిసింది. పియానో వాయించే తన్మయి, చెల్లో వాయించే ఆమె భర్త కలిసి, త్రయంలో మూడో మనిషైన వయొలినిస్టుని దింపేసి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ పేటలోని తమ ఇంటికి కారులో వస్తున్నారు.

"డీన్ మనల్ని ఆదర్శ దంపతులన్నారు, విన్నావా?" అన్నాడతను.

"విన్నాను. వారం నుంచి మనకి మాటల్లేవని ఆయనకెవరు చెప్తారు?"

"కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారట. ఏం చెప్పను? విడిపోదామన్నది నువ్వే కదా."

తన్మయి అతని వైపు తిరిగింది.

"ఒకటడుగుతాను. వాయిస్తున్నంతసేపూ నా వైపే చూస్తావు. నేను ఊపిరి తీస్తే నువ్వూ తీస్తావు. ఆ మనిషి ఇంటికెందుకు రాడు?"

"అక్కడ నువ్వు మాట్లాడవుగా!"

తన్మయికి కోపం రావలసింది. నవ్వొచ్చింది.

"సరే, కాంట్రాక్టుకి ఒప్పుకున్నామని చెప్పు. రిహార్సల్స్ మధ్య తీరిక దొరికితే విడాకుల సంగతి చూద్దాం."